ఊరి కంబళి

సోమవారం పొద్దున్న జకరీ హూక్ చంకలో కంబళి పెట్టుకుని వచ్చేసరికి థామసిన్ పొయ్యి ముందు మోకాళ్ల మీద కూర్చుని బూడిద కింద నిప్పు వెతుకుతోంది. మేడ మీద ఆమె మొగుడు ఆంబ్రోస్ టాప్స్‌కాట్ దగ్గుతున్నాడు. మూడు రోజులుగా జ్వరం. ఈస్టర్ వెళ్లిపోయి ఏప్రిల్ చివరికొచ్చినా వాన వదల్లేదు, చలి వదల్లేదు. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పింది, తన శాలువా కూడా తీసి కప్పింది. అయినా మనిషి పళ్లు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి.

"ఎలా ఉన్నాడు థామసినమ్మా?" అన్నాడు హూక్, గుమ్మంలోనే ఆగి టోపీ మీది వాననీళ్లు దులుపుతూ. "దగ్గు మా పెరటిదాకా వినబడుతోందని మా ఆవిడ ఒకటే గొడవ."

"వినబడక ఏం చేస్తుందండీ, నలభై ఏళ్లు బొగ్గుపొగ మింగిన గొంతు."

"ఇదిగో, ఇది కప్పు. వేడి పట్టి ఉంచుతుంది."

బూడిదరంగు కంబళి, కొత్తది, నాలుగు మడతలు. థామసిన్ చెయ్యి చాపింది గానీ వెంటనే అందుకోలేదు. హూక్ అంగడి గుడ్డల అంగడి, నిజమే. కానీ ఈ ఈస్టర్ నుంచి అతను ఊరికి పేదల పెద్ద కూడా. దిక్కులేని వాళ్లకి చర్చి తరఫున పంచే రొట్టె, బొగ్గు, గుడ్డ అన్నీ ఏడాదిపాటు అతని చేతిమీదుగానే వెళతాయి. ఆ ఊరి ధర్మం ఒక్క పూట ముట్టినా ఆ మగవాడికి ఏడాదిపాటు ఓటు లేదు. ఇది థార్న్‌బ్రిడ్జ్‌లో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఎందుకంటే థార్న్‌బ్రిడ్జ్ ఓటు ఆస్తిని బట్టి వచ్చేది కాదు, కుండని బట్టి వచ్చేది. సొంత పొయ్యి మీద సొంత కుండ ఉడికించుకునే ప్రతి మగవాడూ ఓటరే. ఇంకొకరి కుండలోది తిన్నవాడు కాదు.

ఎన్నిక ఎనిమిది రోజుల్లో ఉంది.

ఇది మీ అంగడిదా, ఊరిదా అని ఒక్క మాట అడిగితే తేలిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. పైనుంచి ఆంబ్రోస్ మళ్లీ దగ్గాడు, దగ్గు చివర చిన్నపిల్లాడిలా మూలిగాడు. ఊరిదంటే తీసుకోకూడదు. తీసుకోకపోతే ఈ రాత్రి గడవదు. అందుకని ఆమె అడగలేదు.

"చల్లగా ఉండండి బాబూ," అని కంబళి అందుకుంది.

హూక్ తల ఊపి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి ఆంబ్రోస్ వణుకు తగ్గింది. థామసిన్ మంచం పక్కన కూర్చుని, పాత బొంత మీదికి లాగి కంబళి అంచులు కనబడకుండా సర్దింది. ఎవరికి కనబడకూడదనో ఆమెకే తెలియదు.

*

బుధవారానికి జ్వరం దిగి ఆంబ్రోస్ కిందికి వచ్చాడు. పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మీద కంబళి వేసుకుని, తన ఇనుప దువ్వెనలు తెప్పించుకున్నాడు. వాటిని కుంపటిలో కాల్చి, నూనె రాసిన ఉన్నిని రెండు దువ్వెనల మధ్య లాగి, పొట్టి పీచు ఒకవైపు, పొడుగు పీచు ఒకవైపు వేరు చేయడం అతని పని. ఇప్పుడు వాటి పళ్లు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసుకుంటున్నాడు. చేతులు ఊరికే ఉంటే అతనికి కొత్త జ్వరం వస్తుంది.

పక్కింటి మోసెస్ క్లాట్‌వర్తీ ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. అతనిదీ ఉన్ని దువ్వే పనే, వయసు ముప్పై దాటలేదు.

"పార్లమెంటు గడువు ఏడేళ్లే ఖాయమటగా బావా. లండన్‌లో మనవాళ్లు మూడేళ్లకి దించుదామని తీర్మానం పెడితే, మన ఊరి సభ్యుడు సర్ హంఫ్రీ కూడా లేచి వద్దన్నాడట."

"వద్దనక! మూడేళ్లకి పని ఒప్పుకుని, మధ్యలో తమకి తామే ఏడేళ్లు రాసుకున్న జాతి అది. ఏరు దాటి తెప్ప తగలేశారు. ఒరే మోసెస్, నాకు ఇరవై ఒకటి నిండాక ఇరవై ఏళ్లలో పదిసార్లు ఓటు వేశాన్రా. పదిసార్లు! పిల్లాడి కోటు బిగుతయ్యేలోపు ఇంకో ఎన్నిక. అప్పుడు దొరలు టోపీ చేత్తో పట్టుకుని ఈ గుమ్మంలో నిలబడేవాళ్లు. ఆ ఏడేళ్ల చట్టం వచ్చాక ఈ పందొమ్మిదేళ్లలో ఎన్నిసార్లు వేశానో తెలుసా? రెండు. ఇది మూడోది."

"అయితే ఈసారి ఓటు మూడేళ్లంటున్న ఎల్వరీకేనా?"

"ఊరంతా వినేలా అంటాను చూడు. నాకు అరవై ఒకటి. ఏడేళ్లకి ఇంకోటి అంటే అది నాది కాదు. ఇదే ఆఖరుది."

ఆ మాట అతను నవ్వుతూనే అన్నాడు. కుండలో బఠాణీలు కలుపుతున్న థామసిన్ చెయ్యి ఆగిపోయింది.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది. ప్రభువుగారి దివాను పిన్సెంట్. మోసెస్ బల్ల మీంచి లేచి గోడకి అంటుకున్నాడు. దివాను అతనికేసి చూసి నవ్వి, "నీ పొగగొట్టం బాగైందా మోసెస్? మేస్త్రీని పంపాను" అన్నాడు. మోసెస్ ముఖం ఎర్రబడింది. ఏదో గొణిగి వెనక తలుపులోంచి జారుకున్నాడు. ఆంబ్రోస్ ఆ తలుపుకేసి చూశాడు, తర్వాత దువ్వెన పళ్లకేసి చూశాడు.

దివాను పిన్సెంట్ కేకలు వేసే మనిషి కాదు. వేస్తే బాగుండేది. కూర్చోమనకుండానే కూర్చున్నాడు, సారా ఇస్తానంటే వద్దన్నాడు.

"దగ్గు ఎలా ఉంది ఆంబ్రోస్?"

"మీ దయ దివానుగారూ. ఇంకా బతికే ఉంది."

ఆ ప్రశ్న ఊరికే వేసింది కాదు. ఆ ఇల్లు ప్రభువుగారి నేల మీదిదే గానీ, మూడు ప్రాణాల కౌలు. కాగితంలో ముగ్గురి పేర్లు రాసి ఉంటాయి. ఆ ముగ్గురిలో ఒక్కరు బతికున్నా ఇల్లు ఖాళీ చేయించడానికి లేదు. ఇద్దరు పోయారు, మిగిలింది ఆంబ్రోస్. అందుకే అతను దివానుకి భయపడడు. అందుకే దివాను అతని దగ్గు అంత శ్రద్ధగా వింటాడు.

"వచ్చే మంగళవారం సర్ హంఫ్రీ పేరు చెబుతావని ప్రభువుగారు అనుకుంటున్నారు."

"ఊరికున్న రెండు సీట్లలో ఒకటి ప్రభువుగారికి పోటీ లేకుండానే ఉందిగా. రెండోదైనా మాకు వదలకూడదూ?"

"మూడేళ్లకోసారి ఈ గోల ఎందుకయ్యా? తాగుడు, తన్నులాట, పగిలిన కిటికీలు. ఎన్నికంటే ఊరికి జ్వరం. నీకు తెలియంది కాదు, నాలుగైదు రోజుల జ్వరానికే ఎలా అయిపోయావో చూడు."

"మాటామాటా వచ్చింది గనక అడుగుతా. మా దగ్గర కుర్రాడు ఏడేళ్లు శిష్యరికం చేస్తాడు, పని నేర్చుకోవాలి గనక. సర్ హంఫ్రీ ఏడేళ్లలో ఏం నేర్చుకున్నాడండీ?"

దివాను నవ్వాడు. నిజంగానే నవ్వాడు, అతనికి హాస్యం నచ్చుతుంది. లేస్తూ వంగి ఆంబ్రోస్ మోకాళ్ల మీది కంబళి అంచు రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు.

"మంచి కంబళి థామసినమ్మా," అన్నాడు ఆమె కళ్లలోకి చూస్తూ. "బాగా కప్పు ఆయన్ని."

తలుపు మూసుకుంది. థామసిన్ గరిటె కుండలో వదిలేసి, కొంగులా చుట్టుకున్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉండిపోయింది. ఆంబ్రోస్ దువ్వెన పళ్లు తడుముతూనే ఉన్నాడు. దివాను అన్నది అతనికి అర్థం కాలేదని ఆమె అనుకుంది.

*

మర్నాడు ఆంబ్రోస్ మేడ మీద కుంపటి రాజేసుకుని పనిలో పడ్డాక, ఆమె కంబళి మడిచి బుట్టలో పెట్టి పైన క్యాబేజీలు పేర్చి హూక్ అంగడికి వెళ్లింది. హూక్ గుడ్డ కొలుస్తున్నాడు. బుట్టలోకి చూసి కూడా గజంబద్ద కింద పెట్టలేదు.

"తీసుకోండి బాబూ. ఆయనకి నెమ్మదించింది."

"ఇచ్చింది వెనక్కి తీసుకునే ఆచారం ఊరికి లేదమ్మా."

ఊరికి. మాట బయటపడింది. ఆమె ఇన్నాళ్లూ అడగనిదానికి జవాబు అడక్కుండానే వచ్చేసింది.

"మీ ఆవిడ పంపిందనుకున్నాను," అంది థామసిన్. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

హూక్ గుడ్డ తిరగేసి మళ్లీ కొలిచాడు. దుర్మార్గుడేం కాదు, తలెత్తి ఆమె ముఖం చూడలేకపోయాడు. "చూడమ్మా. ఆయన సర్ హంఫ్రీ పేరు చెప్పాడనుకో, కంబళి ఎవరికి గుర్తుంటుంది? నాకు గుర్తుండదు. ఇంకో పేరు చెప్పాడనుకో, నేను ప్రమాణం చేసి పదవి తీసుకున్నవాణ్ణి. లేచి చెప్పాల్సి వస్తుంది. ఓటు కొట్టేస్తారు. ఆ తర్వాత చట్ట ప్రకారం ఆ రెండోది కూడా..."

చెయ్యి తన కుడి భుజం మీద పెట్టుకుని చూపించాడు. ఊరి ధర్మం తినేవాళ్లు, మొగుడూ పెళ్లామూ ఇద్దరూ, భుజం మీద ఎర్రగుడ్డ అక్షరం కుట్టుకుని తిరగాలి. రొట్టె కోసం వచ్చే ముసలి విధవల భుజాల మీద థామసిన్ దాన్ని రోజూ చూస్తుంది. చూసినప్పుడల్లా చప్పున కళ్లు తిప్పుకుంటుంది. రేపు ఊరు తనని చూసి అలాగే కళ్లు తిప్పుకుంటుంది.

"ఇంటికి తీసుకెళ్లు తల్లీ," అన్నాడు హూక్ మెల్లగా. "మంచి సరుకు. ఏడేళ్లు మన్నుతుంది."

ఆ నాలుగు రోజులు ఆమె మింగలేక కక్కలేక తిరిగింది. చెబితే, తన ఆఖరి ఓటు పెళ్లామే పొయ్యిలో పెట్టిందని ఆయనకి తెలుస్తుంది. చెప్పకపోతే మంగళవారం నడిబజార్లో హూక్ నోట వింటాడు. వీధిలో ఒక్కొక్క ఇల్లూ వంగుతూ ఉండటం ఆమె కళ్లారా చూస్తోంది. మోసెస్ పొగగొట్టం బాగుచేసిన మేస్త్రీ, మూల ఇంటి చెప్పుల మనిషి పొయ్యిని మరమ్మతు పేరుతో ఇటుక ఇటుకా విప్పేసి పోయాడు. పొయ్యి లేదు గనక ఓటూ లేదు. ఆంబ్రోస్ మాత్రం రాత్రి కంబళి కప్పుకుని పడుకుంటున్నాడు, పగలు దువ్వుతూ కూనిరాగాలు తీస్తున్నాడు.

*

ఎన్నిక ముందురోజు సాయంకాలం కుండలన్నీ వీధిలోకి వచ్చాయి. అది ఆ ఊరి ఆనవాయితీ. ఓటరు తన కుండని తన గుమ్మం ముందు, పదిమంది చూస్తుండగా ఉడికించి, అక్కడే బల్ల వేసుకుని తినాలి. రేపెవడైనా నీకు పొయ్యి ఎక్కడిదంటే ఊరంతా సాక్ష్యం. మామూలుగా ఆ సాయంకాలం తిరునాళ్లలా ఉంటుంది. ఈసారి పాటలు లేవు. దివాను గుర్రం మీద వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకసారి మెల్లగా వెళ్లాడు, ప్రతి కుండ దగ్గరా టోపీ ఎత్తాడు. అతను దాటిపోయేదాకా ఎవరూ గరిటె కదపలేదు.

థామసిన్ మూడుకాళ్ల కుండ కింద పుల్లలు ఎగదోసింది. పందిమాంసం ముక్క, బఠాణీలు, రెండు క్యాబేజీలు. ఓటు మగవాడిదే గానీ, కుండ ఉడికించేది ఆవిడే. ముప్పై నాలుగేళ్లుగా ఆ పొయ్యి ఒక్కరోజు ఆరనివ్వలేదు.

"ఏమయ్యా," అంది పొగలోకి చూస్తూ. "ఆ కంబళి..."

"తెలుసు."

ఆమె తలెత్తింది.

"జ్వరం దిగిన పొద్దున్నే తెలుసు. ఉన్ని దువ్వేవాడి చేతులే ఇవి! అది ఊరి పేదలింట్లో పాతగుడ్డలు చింపి ఏకిన ఉన్ని. హూక్ అంగట్లో అలాంటిది అమ్మితే ఎవడు కొంటాడు?"

"తెలిసి ఎందుకు ఊరుకున్నావు?"

"చలేసింది," అన్నాడు ఆంబ్రోస్.

చలేసిందన్న ఆ ఒక్క మాటకి ఆమె గుండె కరిగి నీరైంది. తిడితే ఓర్చుకోవడానికి సిద్ధపడి వచ్చింది, ఇది ఓర్చుకోవడం రాలేదు.

"హూక్‌ని అడగాల్సింది నేను. అడిగితే తీసుకోలేనని అడగలేదు."

"నేనైనా అంతే చేసేవాణ్ణి."

"ఇంతా తెలిసి ఎల్వరీ ఎల్వరీ అని వీధంతా ఎందుకు అరుస్తున్నావు మరి?"

"నాకూ ఓటుందని రేపటిదాకా అనుకోనీవే. అనుకుంటే పోయేదేముంది?"

"రేపు ఆ పేరే చెప్పు," అంది థామసిన్. "కొట్టేస్తే కొట్టేయనీ, పదిమంది వింటారు కదా. ఎర్రగుడ్డ కుట్టుకోమంటే కుట్టుకుంటాను. నా పరువు నేను చూసుకుంటా."

ఆంబ్రోస్ మంటకేసి చూశాడు. "కుండ దించు. అడుగంటుతోంది," అన్నాడు.

పక్క బల్ల దగ్గర మోసెస్ వీళ్లకి వీపు పెట్టి, తేలు కుట్టిన దొంగలా గబగబా తింటున్నాడు.

*

మంగళవారం ఇంకా పూర్తిగా తెల్లవారకముందే థామసిన్ తన ఎర్ర ఉన్ని లోపావడా అంచు కత్తిరించింది. చదువు రాదు. విధవల భుజాల మీద చూసిన ఆకారం కళ్లలో ఉంది. దాన్నే కత్తిరించి కుడి భుజానికి దగ్గర దగ్గరగా కుట్టింది, పైన శాలువా కప్పుకుంది. ఆయనకి చెప్పలేదు, చెబితే పీకి పారేస్తాడు. హూక్ లేచి నోరు తెరిచే లోపు తనే శాలువా తీసేస్తుంది. దాచుకునేదేం లేదని తేలిపోతే ఇక ఎవడు ఎవర్ని భయపెడతాడు? అలా అనుకున్నాక ఎన్నో రోజుల తర్వాత ఆమెకి ఊపిరి తేలిగ్గా ఆడింది.

సంతమిద్దె మెట్ల మీద బల్ల వేశారు. మధ్యలో గుమాస్తా, ఒకపక్క దివాను, ఇంకోపక్క హూక్. ఒక్కొక్కడూ మెట్లెక్కాలి, పేరూ వీధీ చెప్పాలి, ఎవరికో పైకి చెప్పాలి, గుమాస్తా రాసుకుంటాడు. ఆడవాళ్లు తాడుకి ఇవతల. థామసిన్ మోచేతులతో పొడుచుకుంటూ ముందు వరసకి వచ్చింది. ఆయన తలెత్తితే తను కనబడాలి, తన ముఖం చూస్తే ఆయనకి ధైర్యం రావాలి.

మోసెస్ ఎక్కాడు, సర్ హంఫ్రీ అన్నాడు, దిగాడు. అంతలోనే అయిపోయింది.

"ఆంబ్రోస్ టాప్స్‌కాట్, వెనకవీధి, ఉన్ని దువ్వే పని," అని రాసుకుంటూ చదివాడు గుమాస్తా. "ఎవరికి?"

గుంపు కాస్త ముందుకి జరిగింది. ఇతని కోసమే ఎదురుచూస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వెనకనుంచి ఎవరో, "కానీ ముసలోడా, అనెయ్!" అని అరిచారు. హూక్ కుర్చీ చేతుల మీద చేతులు ఆనించాడు, లేవడానికి సిద్ధంగా. థామసిన్ శాలువా ముడి వేళ్లతో పట్టుకుంది.

ఆంబ్రోస్ ఆమె వైపు చూడలేదు. సంతమిద్దె కప్పు కేసి, గుమాస్తా కలం కేసి, తన చేతుల కేసి చూశాడు. పెదాలు కదిలాయి.

"గట్టిగా," అన్నాడు గుమాస్తా.

"సర్ హంఫ్రీ."

"ఇంకొంచెం గట్టిగా చెప్పాలి పెద్దాయనా."

"సర్ హంఫ్రీ!" అని అరిచాడు ఆంబ్రోస్. ఊరంతా విన్నది.

హూక్ చేతులు కుర్చీ మీంచి ఒళ్లోకి వచ్చాయి. వెనక ఎవరో నవ్వారు, ఎవరో ఉమ్మారు. ఆంబ్రోస్ తర్వాత మెట్లెక్కిన పదకొండుమంది, నిన్నటిదాకా ఎల్వరీ అన్నవాళ్లు, సర్ హంఫ్రీ అనే అన్నారు. దివాను లేచి వచ్చి ఆంబ్రోస్ మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. "దగ్గు తగ్గలేదే ఇంకా. జాగ్రత్త," అన్నాడు. థామసిన్ శాలువా ముడి ఇంకో మడత వేసి బిగించింది.

సాయంకాలానికి లెక్క చదివారు. సర్ హంఫ్రీ నూట ఎనభై మూడు, ఎల్వరీ అరవై ఒకటి. ఒక్క ఆంబ్రోస్ ఓటు ఎటు పడ్డా వాళ్లకి ఒరిగేది లేదు, తరిగేది లేదు. వాళ్లకి కావలసింది ఓటు కాదు. ఆ ముసలాడి నోరు.

*

ఇంట్లో ఆంబ్రోస్ కుర్చీలో కూర్చున్నాడు, టోపీ కూడా తీయలేదు. థామసిన్ కుండ పొయ్యి మీద పెట్టింది.

"ఒక్కసారైనా నా వైపు చూడలేదు నువ్వు."

"చూస్తే ఆ పేరు నోట రాదని చూడలేదు," అన్నాడు. "నీ భుజం మీద ఆ ఎర్రది పెట్టుకుని నువ్వు వీధిలో నడుస్తుంటే చూసి నేను బతకలేనే. ఓటు పోతే పోయింది."

ఆమె శాలువా ముడి విప్పింది. తీసి బల్ల మీద వేసింది.

ఆంబ్రోస్ చూశాడు. అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. లేచి దగ్గరికి వచ్చి, ఆమె భుజం మీది ఎర్రగుడ్డని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని తడిమాడు. అలవాటు చొప్పున పీచు చూశాడు.

"ఇది నేను దువ్విందే," అన్నాడు. "ఎప్పుడు కుట్టావు?"

"తెల్లవారగట్ల. నువ్వు ఎల్వరీ అనగానే అందరికీ చూపిద్దామని."

అతను నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. ఆమె వీపు రాస్తూ నిలబడింది. దగ్గు ఆగాక, సూది తెచ్చుకుని కుట్లు ఒక్కొక్కటే విప్పింది. ఎర్ర ముక్కని పొయ్యిలో వెయ్యలేదు. మడిచి ఉప్పుపెట్టె అడుగున పెట్టింది.

"దేనికి దాస్తున్నావు?"

"ఇంకో ఏడేళ్లకి పనికొస్తుంది."

"అప్పటికి నేను..."

"ఉండాలి. ఎలాగోలా ఉండు," అంది కోపంగా, కళ్లు తుడుచుకుంటూ.

బయట మళ్లీ వాన మొదలైంది. గెలిచినవాళ్ల గంటలు చర్చిలో మోగుతున్నాయి. ఆంబ్రోస్‌కి సన్నగా వణుకు పుట్టింది. లేచి, మేకుకి తగిలించిన కంబళి తనే తీసుకుని, భుజాల చుట్టూ కప్పుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాడు. థామసిన్ చూసి, కుండ కలుపుతూ ఉండిపోయింది. ఆ రాత్రి ఇద్దరిలో ఎవరూ ఎవర్నీ ఏమీ అడగలేదు.